నాయనమ్మ పిడికెడు బియ్యం

కాజీపేట నుండి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్ ఉన్నది. కొత్తగూడెం వైపు పోయే శాఖ ఇక్కడే విడిపోతుంది. చాలామందికి ఇది బండి మారే స్టేషను. మన ప్రాంతపు సంఘాలకు మాత్రం పుట్టింటి వంటిది. ఇటీవల మా సంఘ స్త్రీలతో కలిసి మేము ఆ ఊరు దర్శించాము.

అక్కడి ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గుమ్మటాలు మసీదును, రాతి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. మన నేల మీద మన రీతిగా ఆరాధించాలని కోరిన బిషప్ అజరయ్యగారి తలంపు ఆ కట్టడంలో కనబడుతుంది. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన ఆ తమిళుడు తెలుగు నేర్చుకొని మన పల్లెలలో సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు.

ప్రతిష్ఠనాటికి మా నాయనమ్మకు తొమ్మిదేండ్లు. తల్లిదండ్రులతో ఎడ్లబండి మీద వచ్చి చూచినదట. చదువు రాదు గాని, ఆ రోజుల్లో స్త్రీలకు నేర్పిన ఒక అలవాటును చివరివరకు విడువలేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, మూలనున్న చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండను కొంగు కింద పెట్టుకొని గుడికి తెచ్చేది.

ఒక కరువు సంవత్సరం ఇంట్లో జొన్నలే మిగిలాయి. నాయనమ్మ వాటిలోనుండే పిడికెడు తీసింది. తాతయ్య కోపపడి, “పిల్లలకే చాలకపోతే గుడికెందుకే?” అన్నాడట. “ఆ పిడికెడు ఏస్తే మన కడుపు నిండుతదా? తీస్తే సస్తమా? మనకంటే లేనోళ్లు లేరా?” అన్నది ఆమె. ఆ రాత్రి అందరికీ అంబలి పోసి, తాను కుండ కడిగిన నీళ్లు తాగి పడుకున్నది. ఈ సంగతి మాకు ఆమె చెప్పలేదు. మా మేనత్త చెప్పినది.

మేము సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరం జీతం మూడు నెలలు ఆలస్యమైనది. అప్పుడు సంఘ స్త్రీలు తెచ్చిన బియ్యమే మాకు ఆహారం. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, నూకలు, అన్నీ కలిసినవి. పొయ్యి మీద కొన్ని గింజలు మెత్తనయ్యేవి, కొన్ని పలుకుగా ఉండేవి. ఏ గింజ ఏ ఇంటిదో ఎవరికి తెలుసు? కరువునాడు నాయనమ్మ పస్తుండి తీసిన జొన్నలు ఏ సేవకుని పిల్లల ఆకలి తీర్చినవో మాకు ఆనాడు అర్థమైనది. 2009లో ఆమె నిద్రించినప్పుడు ఆ కుండలో నాలుగు పిడికిళ్ల బియ్యం ఉన్నవి. వాటిని కూడా గుడికే చేర్చాము.

డోర్నకల్‌లో అజరయ్యగారి సమాధి ఉన్నది. నాయనమ్మ సమాధి మా ఊరి చెరువు గట్టున, పేరు రాసిన రాయి కూడా లేకుండా ఉన్నది. ఆయన నేర్పించారు, ఆమె నెరవేర్చినది. ఇద్దరూ ఉంటేనే సంఘం నిలిచినది.

ప్రియ పాఠకులారా, మీ ఇంటి మూలన కూడా ఒకనాడు అటువంటి కుండ ఉండి ఉండవచ్చు. దాని సంగతి మీ పెద్దలను అడగండి. తెలిసినవారుంటే పిల్లలను దగ్గర కూర్చోబెట్టి చెప్పించండి. ఆ తరువాత ఎసరు పెట్టినప్పుడు మీ పిల్లల చేతనే ఒక పిడికెడు తీయించండి.