రాతిపని నేర్పే దీవి

క్రొయేషియా దక్షిణాన, ఆడ్రియాటిక్ సముద్రం వెంబడి సాగే తీరాన్ని డాల్మేషియా అంటారు. ఒకపక్క చెట్టూ చేమా పలచగా ఉన్న తెల్లటి కొండలు, మరోపక్క వరసగా దీవులు. మనుషులకు దొరికింది ఆ రెంటి నడుమ ఉన్న ఇరుకు నేల. వేసవిలో అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఈతకోసం వస్తారు. నన్ను రప్పించింది మాత్రం అక్కడి సున్నపురాయి.

స్ప్లిట్ నగరంలో దిగగానే ఆ రాయి ఎదురవుతుంది. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ఈ ప్రాంతం వాడే. క్రీ.శ. 305లో తనంతట తానే సింహాసనం దిగి, శేషజీవితం గడపడానికి సొంతగడ్డ మీద కట్టించుకున్న రాజభవనానికి వచ్చాడు. భవనమంటే భవనం కాదు, నాలుగు వైపులా ప్రాకారాలున్న కోట. 7వ శతాబ్దంలో పక్కనున్న సలోనా పట్టణం ధ్వంసమైతే, జనం ప్రాణాలు అరచేత పట్టుకుని ఈ గోడల్లోకి వచ్చి కాపురాలు పెట్టారు. ఆ గోడల మధ్య ఇప్పటికీ ఇళ్లున్నాయి. చక్రవర్తి సమాధి మందిరమే తర్వాత కేథడ్రల్ అయింది. ఈజిప్టు నుంచి తెప్పించిన నల్లరాతి స్ఫింక్స్ (సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న బొమ్మ) ఒకటి ఇంకా ముంగిట్లో కూర్చుని ఉంది. 1979లో యునెస్కో ఈ భవన సముదాయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాళ్లు రాపాడి రాపాడి అక్కడి నేల బండలు నున్నబడ్డాయి.

ఈ భవనానికి వాడిన రాయిలో ఎక్కువ భాగం ఎదురుగా కనిపించే బ్రాచ్ దీవి నుంచి వచ్చింది. ఫెర్రీలో ముప్పావుగంట పైచిలుకు ప్రయాణం. దీవి మీద ష్క్రిప్ ఊరి దగ్గర రోమన్ల కాలపు క్వారీలు అలాగే ఉన్నాయి. ఒకచోట గని గోడకే హెర్క్యులీస్ బొమ్మ చెక్కి ఉంది. రాళ్లు కొట్టిన పనివాళ్లు తమ బలానికి అండగా తలచుకున్న దేవుడు కాబోలు.

నేను ముఖ్యంగా చూడాలనుకున్నది దీవి ఉత్తర తీరంలోని పుచిష్చా. సముద్రం ఊళ్లోకి లోతుగా చొచ్చుకొచ్చింది. అందుకే బండలను ఓడలకెత్తడం ఇక్కడ సులువైంది. గోడలు తెల్లరాయి, మెట్లు తెల్లరాయి, కొన్ని ఇళ్లకు కప్పులు కూడా రాతి పలకలే. రేవు ఒడ్డునే రాతిపని నేర్పే బడి ఉంది. 1909లో మొదలైంది. హైస్కూలు వయసు పిల్లలు ఇక్కడ చేరి మామూలు చదువుతో పాటు ఉలి పట్టడం నేర్చుకుంటారు. చేత్తో వాడే పనిముట్లకే ఇక్కడ పెద్దపీట. సందర్శకులను పనిశాలలోకి రానిస్తారు.

లోపల అడుగుపెడితే తెల్లటి దుమ్ము, ఒకదానితో ఒకటి కలవని సుత్తి దెబ్బలు. ఒక అమ్మాయి గరుకు బండ ముఖాన్ని చదును చేస్తోంది. మొదట ఒక అంచు వెంబడి గీత గీసి, రెండువేళ్ల వెడల్పున సన్నటి పట్టీ చెక్కింది. దాని మీద బద్ద ఆనించి, కింద వెలుతురు దూరుతోందేమో వంగి చూసింది. దూరుతోంది. మళ్లీ చెక్కింది. తర్వాత ఎదుటి అంచునా అలాంటి పట్టీయే. ఇప్పుడు రెండు అంచుల మీదా చెరో బద్ద నిలబెట్టి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసింది. రెండు బద్దలూ ఒకే గీతగా కనిపిస్తే ముఖం మెలి తిరగలేదని అర్థం. అది తేలాకే నడిమి భాగం జోలికి వెళ్లింది. మొన ఉలితో ఎత్తులు తీసేసి, పళ్ల ఉలి అందుకుంది. ఆ ఉలి పోయినచోటల్లా దువ్వెన పెట్టి దువ్విన జుట్టులా సన్నటి గీతలు పడ్డాయి. రోమన్ పనివాళ్లు వాడిన ఉలీ ఈ కోవదే.

ఆ పిల్ల తొందరపడలేదు. పక్కన నిలబడిన మాస్టారూ తొందర పెట్టలేదు. తప్పు ఉందని ఆయన చెప్పడం లేదు, బద్ద ఇచ్చి ఆమెనే చూసుకోమంటున్నారు. తప్పును తన కంటితో పట్టుకున్నవాళ్లకే పని వస్తుంది. ఈ బోధన పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

దీవి దక్షిణ భాగంలో వీదోవా గోరా శిఖరం సుమారు 780 మీటర్ల ఎత్తు. ఆడ్రియాటిక్ దీవుల్లో అదే ఎత్తయిన చోటు. దాని మీద నుంచి దక్షిణాన హ్వార్ దీవి కనిపిస్తుంది. క్రీ.పూ. 384లో అక్కడ స్థిరపడిన గ్రీకులు పొలాలను కొలిచి రాతిగట్లతో విడదీస్తే, అవే మడుల్లో నేటికీ ద్రాక్ష, ఆలివ్ పండుతున్నాయి. బ్రాచ్‌లోనూ అంతే. రైతులు తరతరాలుగా ఏరిపోసిన రాళ్లు గుట్టలై, సున్నం లేని పేర్పుగోడలై నిలిచాయి. చక్రవర్తి కట్టించినదాన్నీ, రైతు పేర్చినదాన్నీ కూడా నిలబెట్టింది రాయి గుణం తెలిసిన చేతులే.

డయోక్లీషియన్ కాలానికి కాస్త అటూ ఇటూగా మన కృష్ణాతీరంలో, ఇక్ష్వాకుల ఏలుబడిలో, నాగార్జునకొండ లోయలో స్తూపాలు, విహారాలు లేచాయి. ఇటుకతో కట్టిన ఆ స్తూపాలకు తొడిగిన చెక్కడపు పలకలూ సున్నపురాయివే. పల్నాడు రాయి చెక్కే దుర్గి శిల్పులు ఇవాళా ఉన్నారు, ఆళ్లగడ్డలో శిల్పుల కుటుంబాలున్నాయి, తిరుపతిలో తితిదే శిల్పవిద్యా సంస్థ ఉంది. కానీ మన దగ్గర ఈ విద్య ఎక్కువగా ఇంటి పెద్దల నుంచి ఇంటి పిల్లలకే అందుతోంది. ఆ ఇంటి పిల్లలు మరో బతుకుతెరువు చూసుకుంటే అక్కడితో సరి.

వారసత్వ రక్షణ అనగానే మనకు కంచె, బోర్డు, టికెట్ కౌంటర్ గుర్తొస్తాయి. అవీ కావాలి. అరిగిన రాయి స్థానంలో అదే కొలతకు మరో రాయి చెక్కగల మనిషి అంతకంటే ముందు కావాలి. అలాంటి మనిషి పదిహేనో ఏటనే బద్ద పట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాలి. దుర్గిలో, ఆళ్లగడ్డలో క్వారీకి దగ్గరగా, స్టైపెండ్ ఇచ్చి, ఏ ఇంటి పిల్లలనైనా చేర్చుకునే హైస్కూలు ఒక్కొక్కటి పెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. దీవిలోని ఒక చిన్న ఊరు నూరేళ్లకు పైగా నడుపుతున్న పనిని మనమూ చేయగలం.