ఓడలో వసారా ఖరీదు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు నయాగరా జలపాతమూ న్యూయార్కూ చూపించడం అయ్యాక, ఏదో ఒక రోజు ఓడ ప్రయాణం ఊసు ఎత్తుతాయి. ఆ ఊసుతోపాటే బాల్కనీ ఉన్న గది తీసుకోవాలా, లేనిదైనా సరిపోతుందా అన్న మీమాంసా మొదలవుతుంది. పల్నాడు జిల్లా దాచేపల్లి వంటి ఊళ్ల నుంచి వచ్చేవారి విషయంలో ఈ చర్చ ఎక్కువగా అలాస్కా ఓడల చుట్టూ తిరుగుతుంది. రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఆ ప్రాంతంలో మిరప కోతలూ కల్లాల పనీ ముగిసి, సరుకు గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరిన తరువాత, వేసవి ముదిరే వేళకు పెద్దలు విమానం ఎక్కుతారు. సరిగ్గా అదే కాలంలో, ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా, సియాటిల్, వాంకూవర్ రేవుల నుంచి అలాస్కా ఓడలు నడుస్తాయి.

విహార నౌకలో గదులు స్థూలంగా నాలుగు రకాలు. ఓడ నడిమి భాగంలో కిటికీ అన్నదే లేకుండా ఉండేది లోపలి గది. తెరుచుకోని గాజు కిటికీ గుండా సముద్రం కనిపించేది కిటికీ గది. గాజు తలుపు జరిపి అడుగు బయటపెట్టేందుకు సొంత వసారా ఉన్నది బాల్కనీ గది. అంతకు మించినవి సూట్లు. చాలా ఓడల్లో ఈ బాల్కనీ 35 నుంచి 50 చదరపు అడుగుల మధ్య ఉంటుంది కనుక, రెండు నులక మంచాలు వేస్తే అది నిండిపోతుంది. ఓడవాళ్లు వేసేది రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల. ధరలు గదికి కాక మనిషికి చెబుతారు, అదీ గదికి ఇద్దరన్న లెక్కన చెబుతారు కాబట్టి, ప్రకటనలో కనిపించే తేడాను రెట్టింపు చేసుకుంటే గాని అసలు తేడా తేలదు. ‘గ్యారంటీ’ గది అంటే గది రకం మాత్రమే ఖాయమై, ఫలానా గది ఏదన్నది సంస్థ ఇష్టానికి వదిలిపెట్టినది. చూపుకు అడ్డం ఉన్న బాల్కనీలు కొన్ని చౌకగా దొరుకుతాయి. వాటి ముందు ప్రాణరక్షణ పడవ వేలాడుతూ ఉంటుంది, దాని కింది సందులోంచి నీళ్లు కనిపిస్తే కనిపిస్తాయి.

కాస్త వెనక్కి వెళితే ఈ ధరల వరుస తలకిందులై కనిపిస్తుంది. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి కూలికీ వ్యాపారానికీ రంగూను వెళ్లిన తెలుగువారిలో అత్యధికులు డెక్ ప్యాసింజర్లు, అంటే గది అన్నది లేకుండా ఓడ పైతట్టు మీదా దాని కింది అంతస్తుల్లోనూ చాపలు పరుచుకుని ప్రయాణించినవారు. 1926లో నిర్మించిన ‘రజులా’ అనే స్టీమరు మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూర్ మధ్య దశాబ్దాల పాటు తిరిగింది. తొలినాళ్లలో దానికి ఐదువేలకు పైగా డెక్ ప్యాసింజర్లను ఎక్కించుకునే అనుమతి ఉండేది. ఆ కాలంలో సముద్రపు గాలి పేదవాడి వాటా, నాలుగు గోడలు దొరవారి వాటా. ఎయిర్ కండిషనింగ్ వచ్చి, గోడల మధ్య బతకడం అందరికీ సాధ్యమయ్యాక గాలికి గిరాకీ పుట్టింది. 1984లో నీళ్లలోకి దిగిన ‘రాయల్ ప్రిన్సెస్’ ప్రయాణికుల గదులన్నింటినీ బయటివైపే ఉంచి కొన్నింటికి బాల్కనీలు కట్టడంతో ఒక కొత్త వరవడి మొదలై, ఆ తరువాతి పెద్ద ఓడల్లో బాల్కనీ గదులే మెజారిటీ అయ్యాయి. బయటి గోడ దొరకని గదులకు సైతం ఏదో ఒకటి చూపించాలన్న తపనతో 2011లో ‘డిస్నీ డ్రీమ్’ లోపలి గదుల్లో, బయటి కెమెరాల దృశ్యాన్ని చూపే గుండ్రటి తెరలు అమర్చారు. వ్యాపారం ఎంత దూరమైనా పోగలదనడానికి ఇది చాలు.

ఇక లెక్క. లోపలి గదికీ బాల్కనీ గదికీ మధ్య తేడా ఓడను బట్టి, నెలను బట్టి, ఎంత ముందుగా కొన్నారన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఉదాహరణకు తలకు 500 డాలర్లు అనుకుంటే దంపతులకు 1,000 డాలర్లు అవుతుంది. డాలరుకు 85 రూపాయల చొప్పున చూసినా అది 85,000 రూపాయలు. దాచేపల్లి రైతు ఈ అంకెను రూపాయల్లో ఆపడు, మిర్చిలోకి మారుస్తాడు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం ప్రకటించిన క్వింటా రేటు 11,781 రూపాయలు. ఆ లెక్కన బాల్కనీ తేడా ఏడు క్వింటాళ్ల పైచిలుకు ఎండుమిర్చి, యార్డు భాషలో చెప్పాలంటే పదహారు పదిహేడు టిక్కీలు, అంటే బస్తాలు. విత్తనం, పురుగుమందు, కోత కూలి, యార్డుకు కిరాయి, అన్నీ పెట్టి పండించినవి ఇన్ని టిక్కీలు ఒక వసారాకు పోతాయని తెలిస్తే తండ్రి ఒప్పుకోడు. అందుకే పిల్లలు ధర చెప్పరు. అడిగితే సగమే చెబుతారు. ప్రవాస కుటుంబాల్లో ఈ అబద్ధం అందరికీ తెలిసినదే, తండ్రికి కూడా.

ఇదే మొత్తాన్ని గంటల్లోకి మార్చి చూడడం మరింత ఉపయోగకరం. ఏడు రాత్రుల అలాస్కా ప్రయాణంలో జూనో, స్కాగ్వే, కెచికాన్ వంటి రేవుల్లో ఓడ ఆగిన రోజుల్లో మనుషులు ఊళ్లో తిరుగుతారు. ఆ పూట బాల్కనీ ఎదుట కనిపించేది కాంక్రీటు రేవో, పక్కన కట్టిన ఇంకో ఓడ బాల్కనీలో తువాలు చుట్టుకుని నిలబడ్డ పెద్దమనిషో. భోజనశాల, ఆటపాటలు, నిద్ర తీసివేస్తే, రోజుకు సగటున మూడు గంటలు బాల్కనీలో కూర్చున్నా ఏడు రోజులకు 21 గంటలు, అంటే గంటకు దాదాపు 48 డాలర్లు. అసలు రోజుకు మూడు గంటలు ఎవరు కూర్చుంటారన్నదే తేల్చవలసిన విషయం. డబ్బు కట్టే కొడుకూ కోడలూ కూర్చోరు; వాళ్లు పిల్లల వెంట ఈతకొలను దగ్గరా భోజనశాలలోనూ ఉంటారు. గదిని ఎంచుకునేవారు ఒకరు, అందులో కాలం గడిపేవారు మరొకరు కావడం వల్లనే ఈ నిర్ణయం తరచు పక్కదారి పడుతుంది.

పెద్దవాళ్ల దినచర్య చూస్తే విషయం స్పష్టమవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం దాచేపల్లిలో ఉన్న అలవాటే. జూన్ నెలాఖరున జూనో పట్టణంలో సూర్యోదయం నాలుగు కాకముందే అవుతుంది, సూర్యాస్తమయం రాత్రి పది దాటాక. కిటికీ లేని గదిలో ఇది తెలియదు. దీపం ఆర్పితే అమావాస్య, వేస్తే ఎప్పుడో తెలియని వేళ. అటువంటి గదిలో దిగిన ఒక పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి, “ఏంది అబ్బాయ్, మిర్చి బస్తాలు పెట్టుకునే కోల్డ్ స్టోరేజీలో దించావు మమ్మల్ని?” అంటే, సమాధానం చెప్పలేక కొడుకు మిగిలిన డబ్బుతో హెలికాప్టర్ ఎక్కిస్తానన్నాడట. మరోవైపు బాల్కనీ దక్కిన తల్లి తెల్లవారుజామునే, ఓడవాళ్ల ఉన్ని దుప్పటి తల మీదుగా కప్పుకుని, మూతపెట్టిన కాగితపు గ్లాసులో కాఫీతో గాజు తలుపు జరుపుకుని బయట కూర్చుంటుంది. రాత్రి గాలికి ఎగిసిన ఉప్పు తుంపర కుర్చీ చేతుల మీద జిగటగా అంటుకుని ఉంటే, మొదటి రోజు కొంగుతోనూ రెండో రోజు నుంచి స్నానాల గది తువాలుతోనూ తుడుచుకుంటుంది. ఆమెకు ఆ గంటలు నిజంగా దక్కుతాయి. ఎవరినీ లేపకుండా, లిఫ్టు వెతుక్కోకుండా, ఇంగ్లీషు అవసరం పడకుండా దక్కే గంటలు అవి.

అయితే సాయంత్రానికి సంగతి మారుతుంది. పల్నాటి ఇళ్లకు ముందు నాపరాళ్లు పరిచిన అరుగు ఉంటుంది, దాని మీద కూర్చునేది వీధిలో పోయేవారిని పలకరించడానికి. బాల్కనీకి అటూ ఇటూ మనిషి ఎత్తున అడ్డుతెరలు ఉంటాయి, ఎదురుగా మనిషి జాడ ఉండదు. రెండో సాయంత్రానికే పెద్దాయన, “పక్కనెవరో దగ్గుతున్నారు, మనోళ్లేమో కనుక్కో” అని కొడుకును పురమాయిస్తాడు. అలాంటివారికి ఓడ చుట్టూ నడవడానికి వీలుగా ఉండే డెక్కూ, అక్కడ వరసగా వేసిన కుర్చీలూ, భోజనశాల పక్కన పెద్ద అద్దాల దగ్గరి బల్లలూ బాల్కనీ కన్నా ఎక్కువ నచ్చుతాయి, వాటికి అదనంగా పైసా కట్టనక్కరలేదు. పైగా ఊరి వసారాలో చేసే పనులేవీ ఇక్కడ సాగవు: తడి చీర ఆరేయనివ్వరు, గాలికి ఎగిరిపోతుందంటారు, అగరుబత్తీ, దీపం వెలిగించడం మంటల భయంతో ఓడ అంతటా నిషేధం. ఈ చివరి నియమాన్ని పెద్దలు తప్పుపట్టరు గాని, ఏడు రోజులు దీపం పెట్టకపోవడం తల్లికి లోపల్లోపల కొరతగానే ఉంటుంది.

అలాస్కాలో బాల్కనీకి అనుకూలంగా చెప్పే పెద్ద కారణం హిమానీనదాలు, అంటే కొండల మీద పేరుకుని తన బరువుకే మెల్లగా కిందికి జారే మంచు ప్రవాహాలు. ఇక్కడ ఒక భ్రమ ఉంది. గ్లేసియర్ బే జాతీయ ఉద్యానవనంలోకి వేసవిలో రోజుకు రెండు విహార నౌకలను మించి రానివ్వరు. ఓడ మార్జరీ హిమానీనదం ఎదుట ఆగి నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది కాబట్టి కుడివైపు గదికీ ఎడమవైపు గదికీ దర్శనం సమానమే. కానీ ఉద్యానవనం రేంజర్లు ఓడ ఎక్కి చెప్పే వివరణ మైకులో వినిపించేదీ, రెండు వైపులా చూపు ఆనేదీ ఎక్కువగా పై డెక్కుల మీదనే. మంచుదిమ్మ విరిగి నీళ్లలో పడడం కంటికి కనిపించిన తరువాత, దాని చప్పుడు కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది. బాల్కనీలో ఉన్నవాళ్లు చప్పుడు విని అటు తిరిగేసరికి అలలు మాత్రమే మిగులుతాయి, డెక్కు మీదైతే నలుగురు వేళ్లు చూపిస్తారు. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు చాలావరకు వాంకూవర్ ద్వీపానికి పడమరగా బహిరంగ సముద్రంలో వెళతాయి గనుక, దీవుల మధ్య దారి ఎక్కువసేపు చూడాలనుకునేవారు వాంకూవర్ నుంచి ఎక్కడం మేలు. ఉత్తరానికి వెళ్లేటప్పుడు తీరం కుడివైపు ఉంటుంది.

గది ఎంపిక కన్నా ముందు తేల్చుకోవలసిన కాగితం ఒకటుంది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా కింద నడిచే ఓడ అమెరికా రేవులో బయలుదేరి, ఇతర అమెరికా రేవుల్లో ఆగుతూ, విదేశీ రేవు ఏదీ తాకకుండా తిరిగి అక్కడికే రాకూడదు. అందుకే సియాటిల్ ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. ఆ కొద్ది గంటల కోసం భారత పాస్‌పోర్టు మీద వచ్చిన తల్లిదండ్రులకు కెనడా వీసా కావాలి, గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకు అక్కరలేదు. బాల్కనీ గురించి నెల రోజులు తర్జనభర్జన పడి ఈ వీసా మరిచిన కుటుంబాలు రేవు దగ్గర నుంచే వెనుదిరిగిన సందర్భాలున్నాయి.

సముద్రపు వికారం ఇంకో కోణం. కన్ను కదలిక లేదంటుంటే లోపలి చెవి ఉందని చెప్పడం వల్ల పుట్టే ఈ వికారానికి దిగంతం చూడటం ఉపశమనం కనుక కిటికీ ఉపయోగపడుతుంది. కాని బాల్కనీ గదులు ఎక్కువగా పై అంతస్తుల్లో ఉండడం వల్ల అక్కడే ఊపు అధికం. తల తిరిగే తత్వం ఉన్నవారికి కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలోని కిటికీ గది, బాల్కనీ కన్నా తక్కువ ధరకు ఎక్కువ మేలు చేస్తుంది. టెక్సస్ తెలుగువారు గాల్వెస్టన్ రేవు నుంచి వెళ్లే మెక్సికో ప్రయాణాలకైతే బాల్కనీకి డబ్బు పోయడం దండగనే చెప్పాలి. గల్ఫ్ ఉక్కపోతలో కూర్చోవడానికి పల్నాటివారు అంత దూరం రానక్కరలేదు.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడను కరోనా కారణంగా నిర్బంధించినప్పుడు, దాదాపు 3,700 మంది ఉన్న ఆ ఓడలో కిటికీ లేని గదులవారిని వంతులవారీగా కాసేపు డెక్కు మీదికి వదిలారు, బాల్కనీ గదులవారికి గాలి తలుపు అవతలే దొరికింది. ఆ ఘటన తరువాత బాల్కనీని బీమాలా భావించేవారు పెరిగారు. అరుదైన విపత్తును చూపి ప్రతి ప్రయాణానికీ పదిహేడు టిక్కీలు కట్టడం అతి జాగ్రత్త అనిపిస్తుంది.

ఆరుగురు కలిసి వెళ్లే కుటుంబానికి రెండు బాల్కనీలు అనవసరం. పెద్దలకు ఒక బాల్కనీ గది, నడవకు అవతల దాని ఎదురుగా కొడుకు కుటుంబానికి ఒక లోపలి గది తీసుకుంటే, ఉదయం తల్లి ఏకాంతం తల్లికి ఉంటుంది, మధ్యాహ్నం మనవలు వచ్చి దూరతారు, రాత్రి పెద్దాయనకు మాట్లాడే మనిషి దొరుకుతాడు. ఈ ఒక్క గది కూడా ప్రయాణానికి ముందే పరీక్షించి చూసుకునే వీలు ఇప్పుడు ఉంది: 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక విశాఖకు రావడం, 2023 సెప్టెంబరులో అక్కడి అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభం కావడంతో, సీజన్‌లో రెండు మూడు రాత్రుల ప్రయాణం రూపాయల్లోనే సాధ్యమవుతోంది. 1990లో కట్టిన ఆ పాత ఓడలో బాల్కనీలు కొద్ది, లోపలి గదులూ కిటికీ గదులే ఎక్కువ. కాబట్టి కిటికీ లేకుండా తమవాళ్లు నిద్రపోగలరో లేదో అక్కడే తేలుతుంది. దాచేపల్లి పక్కనే ఉన్న నడికుడి జంక్షన్‌లో ఉదయం జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికల్లా విశాఖలో దిగవచ్చు, దానికి ఏ వీసా అక్కరలేదు.