పహాడీ షరీఫ్ దారిలో ఒక కొత్త కాలనీ

చార్మినారు నుండి ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటి దక్షిణంగా వెళితే ముందు బార్కస్ వస్తుంది. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బ్యారకులు ఉన్న చోటు కనుక ఆ పేరు నిలిచింది. జామపండ్ల బండ్లను చూసి ఆగకుండా ముందుకు సాగడం మా వంటివారికి కష్టమే. ఆపైన ఎర్రకుంట, షాహీన్‌నగర్, తర్వాత గుట్టమీద దర్గాతో పహాడీ షరీఫ్. విద్యార్థి దశలో మేము ఈ దారిన వెళ్లినప్పుడు ఇరువైపులా బండరాళ్లు, పొదలు కనిపించేవి. ఇప్పుడు ఇళ్లు కనిపిస్తున్నాయి.

మా వద్ద చదువుకున్న ఒక యువకుడు ఆ వైపు ఒక కొత్త కాలనీలో 100 గజాల స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. "హజ్రత్, ఒకసారి రావాలి" అని పలుమార్లు కోరగా ఒక జుమా నాడు వెళ్లాము. ఇల్లు చిన్నదే అయినా ముచ్చటగా ఉంది, గడప ముందు కడిగి ఉంది. పక్కనున్న ఖాళీ స్థలంలో మాత్రం కోడి ఈకలు, పసిపిల్లల డైపర్లు, ఏదో వలీమా విందులో వాడిన కాగితపు పళ్లాలు గుట్టగా పడి ఉన్నాయి. ఆ స్థలం యజమాని గల్ఫులో ఉన్నాడట. తన సొత్తు ఏ స్థితిలో ఉందో ఆయనకు తెలియదు.

చెత్త తీసుకుపోయే ఏర్పాటు అక్కడ సగమే ఉంది. ఒక పెద్దాయన మూడు చక్రాల రిక్షాతో ఉదయమే వస్తాడు. నెలకు 100 రూపాయలు ఇచ్చే ఇళ్ల ముందు ఆగుతాడు, ఇవ్వనివారి ముందు ఆగడు. ఆగని ఇళ్ల సంచులు చీకటి పడ్డాక ఖాళీ స్థలంలోకి వచ్చి పడతాయి. వాటిలో పేదల సంచులే కాదు, మూడంతస్తుల ఇళ్ల సంచులూ ఉన్నాయని మా శిష్యుడు నవ్వాడు. డబ్బు ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ దుర్వాసన మాత్రం సమానంగా అందుతోంది.

2015 నుండి నగరంలో తిరుగుతున్న స్వచ్ఛ ఆటోల వంటి ఏర్పాటును ఈ కాలనీకీ తేవాలనీ, ప్రతి ఇంటి నుండీ రుసుము తీసుకోవాలనీ అధికారులు యోచిస్తున్నారు. ఆ విషయమే మాట్లాడుకోవడానికి అస్ర్ నమాజు తర్వాత కొందరు మస్జిదు వరండాలో కూర్చున్నారు. అతిథులమైన మమ్మల్నీ కూర్చోబెట్టారు.

"సగం స్థలాలు ఖాళీగానే ఉన్నాయి, ఇప్పుడే రుసుము దేనికి?" అన్నారొక సోదరుడు. సగం ఖాళీగా ఉండగానే ఇంత గుట్ట పేరుకుంటే, నిండిన తర్వాత ఎంతవుతుంది? రుసుము అద్దెకుండేవారు ఇవ్వాలా, ఇంటి యజమాని ఇవ్వాలా అన్నదానిపై చాలాసేపు వాదన జరిగింది. అది తేలలేదు.

మా శిష్యుని తల్లి తలుపు చాటు నుండి అడిగిన ప్రశ్న మాకు అన్నిటికంటె ముఖ్యమనిపించింది. "తడి, పొడి మేము వేరుచేసి ఇస్తాం, ఆటోలో వాటిని మళ్లీ కలిపేస్తే?" దేశంలో 2016 నాటి నియమాలు తడి చెత్త, పొడి చెత్త, ఇంటిలోని హానికర వ్యర్థాలు అంటూ మూడు రకాలుగా వేరుచేయమన్నాయి. ఆటోలో అరలు లేకపోతే ఆ శ్రమంతా వృథా. మన గుమ్మం దాటిన చెత్త మాయమైపోదు కదా. నగరానికి ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్ వాసులు ఎన్నో ఏళ్లుగా దాని దుర్వాసనను, చెడిపోయిన భూగర్భ జలాలను భరిస్తున్నారు. బక్రీద్ వ్యర్థాల సంగతీ వచ్చింది. నగరంలో అందుకు ప్రత్యేకంగా సంచులు పంచుతారు. ఇక్కడ అవి కూడా ఆ ఖాళీ స్థలానికే చేరాయని ఒకరు సిగ్గుపడుతూ చెప్పారు.

రిక్షా పెద్దాయన చెప్పుల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయనను ఎవరూ అడగలేదు. సీసాలు, అట్టపెట్టెలు ఏరి అమ్ముకుంటేనే ఆయన ఇల్లు గడుస్తుంది. ఆటో వస్తే ఆ రాబడీ, ఇళ్లవారిచ్చే డబ్బూ రెండూ పోతాయి. ఇటువంటివారిని గుర్తించి ఇంటింటి సేకరణలో కలుపుకోవాలని అవే నియమాలు స్థానిక సంస్థలను ఆదేశించాయని మేము చెప్పాము. అర్జీ రాసే పని మాకే అప్పగించారు. ఆటోకు అరలుండాలని, రోజూ రావాలని, ఈయనకు అందులో పని ఇవ్వాలని రాశాము.

కాగితం చదివి వినిపించాక పెద్దాయన మొదటిసారి నోరు తెరిచాడు. "మూడో గల్లీలో ఆటో తిరగదు హజ్రత్, నా రిక్షా తిరుగుతుంది" అన్నాడు.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేము ఆ మాటనూ అర్జీలో చేర్చాము.