మాను నీడన కుప్పం దాకా

తెల్లవారుజామున నాలుగున్నరకు మదనపల్లెలో బయలుదేరితే రోడ్డు మీద మనకంటే ముందు టమాటా ఉంటుంది. నీరుగట్టువారిపల్లె మార్కెట్టు చుట్టూ ట్రాక్టర్లు, ఆటోలు, మినీ లారీలు, వాటి మీద తాళ్లతో బిగించిన క్రేట్లు. ఆ సందడి దాటి పుంగనూరు వైపు తిరిగాక అద్దం దించితే చల్లగాలి ముఖానికి తగులుతుంది. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్న నేల ఇది. ఈ గాలిని నమ్ముకునే 1915లో ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టారు. మందు లేని ఆ రోజుల్లో క్షయకు వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. 1919 ఫిబ్రవరిలో టాగూరు ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలో విడిది చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చుకున్నదీ ఈ గాలిలోనే.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట, కుప్పం. అంతా కలిపి సుమారు 120 కిలోమీటర్లు. కాగితాల మీద ఇది 42వ జాతీయ రహదారి, ఇంతకు ముందు 219. అనంతపురం వైపు నుంచి వచ్చి తమిళనాట కృష్ణగిరి చేరుతుంది. ఇక్కడ దీన్ని నంబరుతో ఎవరూ పిలవరు. ఎదురుగా ఏ ఊరుంటే దానిదే ఆ పేరు: పుంగనూరు రోడ్డు, పలమనేరు రోడ్డు, కోట రోడ్డు.

వెలుతురు వచ్చేసరికి చింతమాన్లు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ రోడ్డు పొడవునా అవే. ఇప్పుడు అక్కడక్కడా గుంపులుగా మిగిలాయి. మిగిలినచోట మాత్రం రెండు పక్కల కొమ్మలూ నడిమధ్యన కలుసుకుని పందిరి వేస్తాయి. మొదళ్లకు సున్నం, ఎర్రమన్ను పట్టీలు, వాటి మీద నంబర్లు. నంబరు ఎందుకంటే ప్రతి మానుకూ లెక్క ఉండేది. కాపు వేలానికి వచ్చేది. పాడుకున్నవాళ్లు శివరాత్రి చుట్టుపక్కల మనుషులతో, దోటీలతో దిగేవాళ్లు. రాలిన కాయ పుంగనూరు చేరి, ఆడవాళ్ల చేతుల్లో పెంకూ గింజా వదిలి, పండై బస్తాకెక్కేది. పుంగనూరులో చింతపండు వ్యాపారం ఇప్పటికీ ఉంది.

చింతనే ఎందుకు నాటారో ఈ నేల చూస్తే తెలుస్తుంది. వేరు లోతుకు దిగుతుంది, వరుసగా రెండేళ్లు వాన రాకపోయినా తట్టుకుంటుంది, నడివేసవిలోనూ నీడ ఇస్తుంది. మర్రి అయితే ఇంకా సులువు, లావుపాటి కొమ్మ నాటితే నాటుకుంటుంది. గింజ నుంచి లేచిన చింత మంచి కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. నిండు గొడుగులా నీడ పట్టడానికి ఒక తరం కావాలి. నాటినవాళ్లు తమ కోసం నాటలేదు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాల్లో ఒకటి ఈ సంగతే చెబుతుంది. మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించానని రాయించాడు. బావి పక్కన చెట్టును చెప్పాడు చూడండి, నేను పట్టుకున్నది ఆ మాటనే. దారికి నీళ్లెంతో నీడా అంతే. దారికి చెట్లు పెట్టుకున్నవాళ్లు వేరే చోటా ఉన్నారు. అమెరికాలో 1954లో తెరిచిన బాల్టిమోర్–వాషింగ్టన్ పార్క్‌వే ఉంది. రెండు నగరాల మధ్య జనం ఆఫీసులకు తిరిగే దారి, రెండు పక్కలా అడవి లాంటి పచ్చదనం, వాషింగ్టన్ వైపు భాగంలోకి లారీలను రానివ్వరు. చాలా అందమైన ఏర్పాటు. అయితే అక్కడ చెట్టు కారులోంచి చూసేందుకు. మన దారి చెట్టు కింద బండి ఆగుతుంది, సద్దిమూట విప్పుతారు, బస్సు కోసం పసిబిడ్డతో ఒక తల్లి గంటసేపు నిలబడుతుంది.

పుంగనూరుకు ముందు అలాంటి ఒక మాను కింద టీ బంకు దగ్గర ఆగాను. గ్లాసు అందిస్తూ పెద్దమ్మ అడిగింది.

“యాడికి పోతా ఉండావు నాయనా?”

“కుప్పానికి పెద్దమ్మా.”

“ఎండెక్కకముందే పలమనేరు దాటుకో. ఆ పక్క మాన్లన్నీ కొట్టేసినారు. నిలబడేదానికి నీడ లే.”

ఆమె మాట నిజమే. వెడల్పు చేసినచోటల్లా రోడ్డు నున్నగా, తెల్లగా మండుతూ ఉంది. అంచున మట్టిలో మొదళ్లు మిగిలాయి, కొన్నిటికి చిగుళ్లు కూడా వస్తున్నాయి. రోడ్డు వెడల్పు కావొద్దని నేను అనను. రెండు లారీలు ఒరుసుకుంటూ పోయిన ఇరుకు మలుపుల్లో ప్రాణాలు పోవడం ఇక్కడివాళ్లకు తెలుసు. నా బాధంతా లెక్క గురించి. కొట్టాల్సిన మాన్లకు లెక్క రాస్తారు, కలపకు ధర కడతారు, పోయే నీడను మాత్రం ఏ పద్దులోనూ వేయరు. పెద్ద రోడ్ల నడుమ గన్నేరు, కాగితప్పూలు పెట్టి చెట్లు నాటామంటారు. ఆ పూల కింద కుక్కపిల్ల కూడా పడుకోలేదు. తెలంగాణలో చేవెళ్ల రోడ్డు మీద 900కు పైగా ఉన్న మర్రిమాన్ల కోసం జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి నిలబడ్డారు. మా చింతమాన్లకు అలా అడిగేవాళ్లు లేకపోయారు.

పుంగనూరు పేరు ఇప్పుడు పొట్టి ఆవు వల్ల దేశమంతా తెలుసు. మనిషి నడుము ఎత్తు కూడా దాటదు, పాలు కొంచెమే అయినా వెన్న దండిగా ఉంటుంది. కరువు నేలలో తక్కువ మేతతో బతకడానికి తయారైన జాతి. దాన్ని కాపాడే పశు పరిశోధనా కేంద్రం పలమనేరులో ఉంది. ఊటీ దారి తెరుచుకోకముందు మద్రాసు దొరలు ఎండాకాలం వచ్చి ఉన్నది కూడా ఈ పలమనేరులోనే. ఆ చల్లదనం తెల్లవారుజామున ఇంకా ఉంది. పదింటికి ఉండదు.

పలమనేరు దాటి కోట వైపు వెళ్తుంటే కౌండిన్య అడవి దగ్గరవుతుంది. ఇక్కడ నేను వేగం తగ్గిస్తాను. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. చాలా తరాలుగా ఏనుగే ఎరగని పల్లెల్లో అవి నిలిచిపోయాయి. వాటికోసం 1990లో కౌండిన్యను అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటి నుంచి చెరుకు, అరటి, వరి పెట్టిన రైతుకు రాత్రి నిద్ర లేదు. మంచె మీద టార్చిలైటు, డబ్బా మోతలు. “దిగినాయి” అని ఒక్క మాట ఫోన్లో వినిపిస్తే చాలు, ఏవి దిగాయో ఎవరూ అడగరు. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు, ననియాలలో అడవి ఏనుగులను తరిమే కుంకీలను, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులను, పెట్టారు. అటు రైతూ పోయాడు, ఇటు ఏనుగూ పోయింది. 2023 జూన్‌లో ఒక రాత్రి పలమనేరు దగ్గర హైవే దాటుతున్న మూడు ఏనుగులు వాహనం ఢీకొని చనిపోయాయి. వాటి దారికి మన దారి అడ్డం పడింది. కొమ్మలు కమ్ముకున్న రోడ్డు మీద డ్రైవరు కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళ్తుంది. తెరిపి రోడ్డు మీద వెళ్లదు. ఏ రోడ్డెక్కినా నాకు అనుభవమైన సంగతి ఇది.

వెంకటగిరికోట చేరేసరికి మాటలో తమిళమూ కన్నడమూ కలుస్తాయి. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ ఇక్కడికి దగ్గరే. 2001లో ఆ బంగారు గనులు మూతపడ్డాక పని వెతుక్కుంటూ రైలెక్కినవాళ్ల ఇళ్లు సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నాయి. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఈ చుట్టుపక్కల నుంచే పోతోంది, 262 కిలోమీటర్లు. దాని మీద ఆగడానికి లేదు కాబట్టి నీడ ప్రశ్నే రాదు.

కోటకూ కుప్పానికీ మధ్య పాలారు అడ్డం వస్తుంది. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, మన రాష్ట్రంలో 33 కిలోమీటర్లు మాత్రమే పారి తమిళనాడులోకి వెళ్లిపోయే ఏరు. ఎక్కువ రోజులు ఇసుకే. నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూసిన ఈ ప్రాంతానికి 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువ మీదుగా శ్రీశైలం నీళ్లు వచ్చాయి. అంత దూరం నీటిని ఎత్తి తెచ్చినవాళ్లకు ఆ కాలువ గట్టున, ఈ రోడ్డు అంచున చింత, కానుగ, మర్రి నాటి మూడు ఎండాకాలాలు నీళ్లు పోయడం కష్టమేమీ కాదు. మొదటి మూడేళ్లే మనిషి చెయ్యి కావాలి. తర్వాత మాను తన బతుకు తాను చూసుకుంటుంది. మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా, మదనపల్లె నుంచి కుప్పం దాకా, కొత్త వెడల్పుకు అవతలి అంచున నాటాలి. నేను అడిగేది ఇదే.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అయినా ఊరి రోజు మొదలయ్యేదీ ముగిసేదీ రైల్వే స్టేషన్లోనే. నూరు కిలోమీటర్ల అవతలి బెంగళూరుకు ఇక్కడి నుంచి రోజూ పనికి వెళ్లి వచ్చేవాళ్లున్నారు. నేను చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. స్టేషన్ దగ్గర ఒక వేపమాను కింద బైకులు కిక్కిరిసి ఉన్నాయి. సంచీ తగిలించుకున్న ఒక కుర్రాడు బండి ఆపి, వెంటనే స్టాండు వేయలేదు. తలెత్తి సూర్యుణ్ణి చూశాడు, నేల మీద నీడను చూశాడు, మధ్యాహ్నానికి అది ఏ పక్కకు తిరుగుతుందో లెక్క వేసుకుని, ఇప్పుడు ఎండ పడుతున్న చోటే బండి నిలబెట్టి రైలు కోసం పరుగెత్తాడు.