స్పృహ తప్పడానికీ ఒక చోటు

బెంగళూరు నుంచి పౌర విమానాలు 2008లో దేవనహళ్ళికి తరలిపోయాయి. అయినా పాత విమానాశ్రయ మార్గంలోని విమానపురను యుద్ధవిమానాల రొద మాత్రం విడిచిపోలేదు. ఆ రొదకు చేరువలోనే, భారత వైమానిక దళం 1957లో నెలకొల్పిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. అక్కడ ఒక విశాలమైన గదిలో, పల్లెటూరి గానుగను తలపిస్తూ పొడవైన ఉక్కు బాహువు ఒకటి ఇరుసు చుట్టూ తిరుగుతుంది. దాని కొసన ఒక చిన్న గది. అందులో ఒంటరిగా ఒక విమానచోదకుడు. గానుగ నువ్వుల నుంచి నూనె పిండుతుంది. ఈ యంత్రం మనిషి తల నుంచి నెత్తురును కిందికి లాగుతుంది.

దీని పేరు సెంట్రిఫ్యూజ్. యుద్ధవిమానం అతివేగంతో మలుపు తిరిగినప్పుడు చోదకుడి బరువు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ రెట్లనే ‘జి’లుగా లెక్కిస్తారు. 9 జిల వద్ద 70 కిలోల మనిషి 630 కిలోలు తూగుతాడు. చేయి ఎత్తడమే గగనమవుతుంది. కాని అసలు ఆపద రక్తానిది. గుండెకూ కంటికీ మధ్య దూరం సుమారు ఒక అడుగే. బరువెక్కిన రక్తాన్ని ఆ అడుగు ఎత్తుకు ఎగదోయలేక గుండె ఓడిపోతుంది. మొదట రంగులు వెలిసిపోతాయి. చూపు సొరంగంలా ఇరుకవుతుంది. ఆపైన చీకటి, చివరికి మూర్ఛ.

బరువు నెమ్మదిగా పెరిగితే కన్ను ముందుగా హెచ్చరిస్తుంది. ఆధునిక విమానం ఆ వ్యవధి ఇవ్వదు. మెదడులో నిలవ ఉండే ప్రాణవాయువు సుమారు 5 సెకన్లకే సరిపోతుంది. అది తీరగానే, చూపు మసకబారకుండానే చోదకుడు తల వాల్చేయవచ్చు. తేరుకుని, తానెక్కడ ఉన్నాడో గ్రహించేసరికి దాదాపు అర నిమిషం గడుస్తుంది. అంతలో విమానం నేలను తాకవచ్చు.

దీనికి విరుగుడు రెండు విధాలు. మొదటిది ప్రత్యేకమైన దుస్తులు. వాటిలోని గాలి సంచులు ఉబ్బి, కాళ్ళనూ పొట్టనూ అదిమి, రక్తం కిందికి జారకుండా అడ్డుకుంటాయి. కాని వాటివల్ల కలిసివచ్చేది ఒకటి, ఒకటిన్నర జిలు మాత్రమే. మిగిలినది మనిషే సంపాదించుకోవాలి. బరువు మీద పడకముందే కాళ్ళు, తొడలు, పొట్ట కండరాలను బిగించాలి. ఊపిరి బిగబట్టి, సుమారు మూడేసి సెకన్లకొకసారి చటుక్కున వదిలి, చటుక్కున పీల్చుకోవాలి. లయ తప్పితే స్పృహ తప్పుతుంది. మామూలుగా 4, 5 జిలకే కళ్ళు చీకట్లు కమ్మే మనిషి ఈ సాధనతో 9 జిల దాకా నిలువగలుగుతాడు.

అయితే యంత్రం నేర్పే గొప్ప పాఠం బలం కాదు, వినయం. స్పృహ తప్పినవారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే గుర్తుండదు. “నాకేమీ కాలేదే!” అని వాదించే చోదకుడికి వైద్యులు చిత్రం చూపిస్తారు. తెర మీద తన తలే వాలిపోవడం, చేతులు తమంత తామే ఎగిరిపడటం చూశాక అతడు మౌనం వహిస్తాడు. తన హద్దు తనకు తెలియదన్న సత్యం ఆనాడు బోధపడుతుంది.

1982లో రాకేశ్ శర్మను రోదసి యాత్రకు ఎంపిక చేసినప్పుడు పరీక్షలు జరిగింది ఈ సంస్థలోనే. 2019లో గగన్‌యాన్ అభ్యర్థుల తొలి వడపోత కూడా ఇక్కడే జరిగింది.

ఆకాశంలో మూర్ఛపోయినవాడికి రెండో అవకాశం దొరకకపోవచ్చు. ఇక్కడ మాత్రం బాహువు మెల్లగా ఆగుతుంది; తలుపు తెరుచుకుంటుంది; వైద్యుడు చేయి అందిస్తాడు.