వియ్యపురాలితో ఒక్క మాట

తమ్ముడు ఇటలీ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాక ఇంట్లో ఎవరికీ రాని కష్టం నాకొచ్చింది. ఆ అమ్మాయి వాళ్లమ్మకు ఇంగ్లిషు రాదు. మా అమ్మకూ రాదు. కొత్త దంపతులు ఉండేది జర్మనీలో. మధ్యలో దుబాసీని నేను!

పాత పుస్తకం ఒకటి కొని క్రియాపదాలతో మొదలుపెట్టా. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అంటారుగా, ఎంతసేపులే అనుకున్నా. పోలిక లేకపోలేదు. 'పార్లో' అంటే మాట్లాడతాను, 'పార్లి' మాట్లాడతావు, 'పర్ల్యామో' మాట్లాడతాం. మనలాగే 'నేను', 'నువ్వు' విడిగా అనక్కర్లేదు, క్రియ తోకే చెప్పేస్తుంది. కాకపోతే 'పార్లా' అంటే మాట్లాడేది అతడో ఆమెో తేలదు.

అక్షరాలు విడగొట్టడంలో ఉంది తమాషా. 'కపీస్కో' (అర్థమవుతోంది) అనే మాటను క-పీ-స్కో అని అచ్చం మన ఒత్తక్షరంలాగే విడదీస్తారు. అదే 'లెగ్గో' (చదువుతాను) అయితే లెగ్-గో. ద్విత్వం వస్తే చీల్చాల్సిందే. మనకు 'గ్గో' ఒకటే అక్షరం. అయినా పద్యంలో దాని ముందున్న 'లె' గురువవుతుంది కదా! గురులఘువులు రాక బళ్లో తిన్న మొట్టికాయలు ఇన్నాళ్లకు అక్కరకొచ్చాయి.

బోల్తాపడింది ఊనిక దగ్గర. 'కపితో'లో మొదటి అక్షరం ఊనితే 'తారసపడతాను', రెండోది ఊనితే 'అర్థమైంది', చివరిది ఊనితే 'జరిగింది'. రాతలో ఆ చివరిదానికే గుర్తు పెడతారు. ఎక్కువ మాటల్లో చివరి నుంచి రెండో అక్షరాన్ని ఊనాలని చదివి, నేను అన్నిటికీ అదే వాయించాను.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఆవిడ అమ్మ వంక చూస్తూ ఒక్క మాట అడిగారు. "తెలేఫొననో?" నాకు అందలేదు. మళ్లీ అడిగారు. అయిదు అక్షరాలు, బరువంతా రెండోదాని మీదే, మిగతావి జారిపోతున్నాయి. మనసులో విడదీసుకుంటే అప్పుడు తెలిసింది... ఫోన్ చేస్తున్నారా? 'పిల్లలు' అన్న మాటే లేదు. ఆ తోకలోనే ఉన్నారిద్దరూ.

అమ్మకు చెప్పా. తమ్ముడు ఫోన్ చేసి మూడు వారాలైంది. అమ్మ కాసేపు తెర వంకే చూసి, "చేస్తున్నారని చెప్పవే" అంది.

"తెలెఫొనానో" అన్నా. కంగారులో మళ్లీ 'నా' దగ్గరే ఊనాను. ఆవిడ నవ్వి, చంటిపిల్లకు నేర్పినట్టు "తె-లే-ఫొ-న-నో" అని సరిచేశారు. తర్వాత తన వైపు వేలు చూపించుకుని, తల అడ్డంగా ఊపారు.