ముప్పది పేర్ల పట్టిక

ముంబయి నగరములో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో సెన్సెక్సు అను మాట వినని ఇల్లు నేడు అరుదు. నేడెంత పెరిగినది, ఎంత తగ్గినది అని విచారించుట, వాన కురిసినదా అని విచారించుటవలె అలవాటైనది. ఆ అంకె దేనిని కొలుచుచున్నదో విచారించువారు మాత్రము తక్కువ.

దలాల్ వీథిలోని స్టాక్ ఎక్స్ఛేంజి 1875 నాటిది. సెన్సెక్సు 1986లో పుట్టినది. 1978–79 నాటి విలువను 100గా నిలిపి, 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలనుబట్టి దానిని లెక్కింతురు. అన్నిటికిని సమాన స్థానము లేదు. పెద్ద కంపెనీ షేరు కదలినచో అంకె ఎక్కువ కదలును. 2003 నుండి, యజమానుల గుప్పిటనుండు షేర్లను విడిచి, బజారులో చేతులు మారగల షేర్లనే లెక్కలోనికి తీసికొనుచున్నారు. ఇది న్యాయమైన మార్పే.

ఇంతవరకు పాఠ్యపుస్తకములలోని సంగతి. మనవారికి సంబంధించినది వేరొకటి కలదు.

మొదటి పట్టికలో బాంబే డైయింగు, సెంచురీ మొదలగు వస్త్ర కంపెనీలు ఉండెను. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేలు మిల్లులలో తరతరములుగ మగ్గములు నడపిరి. 1982 జనవరి 18న ప్రారంభమైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. పిదప అనేకులకు తిరిగి పని దొరకలేదు. కొందరు భివండీ పవర్లూములకు పోయిరి. కొందరు స్వగ్రామములకు మరలిరి.

మా తండ్రిగారు నేతపని చేసిన మిల్లు 1988లో మూతపడెను. అది పట్టికలోని కంపెనీలది కాదు. 1990 జూలైలో సూచి మొదటిసారి 1,000 దాటినదని పత్రిక చదివి వినిపించగా ఆయన, "మన మిల్లు మూతవడ్డనాడు ఈ అంకె ఎంత దిగిందిరా?" అని అడిగిరి.

"దిగలేదు నాయినా. మన మిల్లు అండ్ల లేదు."

"గట్లయితె ఇది ఎవరింటి లెక్క?" అని బీడీ వెలిగించిరి. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము ఏ బ్రోకరును నాకు చెప్పలేదు.

ఈ పట్టిక స్థిరమైనది కాదు. ఏటికి రెండుమార్లు పరిశీలించి, తగ్గినవానిని తీసి, పెరిగినవానిని చేర్చుదురు. అప్పుడు అంకె ఒక్కసారి ఎగిరిపడకుండ భాజకమును సరిచేయుదురు. మగ్గముపై తెగిన పోగును ముడి కనబడకుండ అతుకుట మనవారికి తెలిసిన విద్యయే; ఇదియు అట్టిదే. బట్ట చూచువానికి తెగిన పోగు తెలియదు. బాంబే డైయింగు, సెంచురీ, ప్రీమియర్ ఆటోమొబైల్సు, హిందూస్థాన్ మోటార్సు, అన్నియు అట్లే వెడలినవి. మన హైదరాబాదు వారి సత్యం కంప్యూటర్సును 2009 జనవరిలో, లెక్కల మోసము బయటపడిన కొలది దినములకే తొలగించి సన్ ఫార్మాను చేర్చిరి. 2022 డిసెంబరులో డాక్టర్ రెడ్డీసు స్థానమును టాటా మోటార్సు పొందినది. ఇక్కడ మోసమును లేదు, దివాలాయు లేదు, పరిమాణపు పోటీ మాత్రమే.

కావున 1986 నుండి నేటివరకు ఎక్కిన మెట్లను మాత్రమే చూపువాడు, జారిపడినవారిని మరుగుపరచి చూపుచున్నాడు. "సెన్సెక్సులోని కంపెనీ గదా" యని బిడ్డల పెండ్లి సొమ్మునంతయు ఒక్క షేరులో పెట్టిన పెద్దలను నేనెరుగుదును. సూచి ననుసరించు నిధి యైనచో, పట్టిక మారిననాడు తానే పాతది అమ్మి క్రొత్తది కొనును. ఒంటి షేరు పెట్టుకొన్నవానికి ఆ సదుపాయము లేదు.

మేనకోడలి చదువునకై దాచిన సొమ్మును నేను అట్టి నిధిలో కొంత, బ్యాంకులో కొంత ఉంచితిని. 2008 జనవరిలో 21,000 తాకిన సూచి అక్టోబరునాటికి 8,000 దిగువకు పడినది. అందుచేత మొత్తమును నిధిలో పెట్టుటకు ఇంటిలో ఎవ్వరును ఒప్పుకొనలేదు.